పత్తికట్టె నుంచి నానోసెల్యులోజ్: పర్యావరణహితమని చెప్పే ముందు వేసుకోవలసిన లెక్కలు

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: గుంటూరు జిల్లాలో మీ కుటుంబానికి పత్తి, అరటి సాగు ఉంది. పంట తీశాక మిగిలే పత్తికట్టె నుంచి, అరటి బోదె నుంచి నానోసెల్యులోజ్, అంటే అతి సన్నటి పోగులుగా విడదీసిన మొక్క నార, తీసే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నారు. మొక్క నుంచి వస్తుంది కాబట్టి పర్యావరణానికి మంచిదే అనుకోవచ్చా, ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎవరు కొంటారు అని అడిగారు.

గుజ్జు, కాగితం ప్రయోగశాలల్లో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ముందే చెబుతాను. మొక్క నుంచి రావడం ఒక్కటే చాలదు. ఒకే పత్తికట్టె నుంచి ఒకే రకం పోగును రెండు దారుల్లో తీస్తే, ఒక దారిలో పాలిథీన్ కంటే హానికరమైన సరుకు తయారవుతుంది, రెండో దారిలో నిజంగా మేలు చేసే సరుకు తయారవుతుంది. తేడా అంతా ఆమ్లం, కరెంటు, నీళ్లు, ఆరబెట్టడం అనే నాలుగింటిలో ఉంది. మీరు చదివిన పరిశోధన పత్రాల్లో ఈ నాలుగూ చివరి పేజీలో ఒక వాక్యంగా మిగిలిపోతాయి. యూనిట్ పెట్టేవాడికి మాత్రం అవే మొదటి పేజీ.

పదార్థం గురించి క్లుప్తంగా. సెల్యులోజ్ అణువు అంటే గ్లూకోజ్ కణికల పొడవైన గొలుసు. మొక్క కణగోడలో ఈ గొలుసులు పక్కపక్కన పేరుకుని 3 నుంచి 5 నానోమీటర్ల మందం గల సన్నటి పోగులవుతాయి. ఆ పోగులు కట్టలుగా, ఆ కట్టలు నారగా మారతాయి. మధ్యలో హెమీసెల్యులోజ్, లిగ్నిన్ వాటిని అతికి ఉంచుతాయి. ఆ కట్టను విప్పడమే మన పని. ఆమ్లంతో పోగులోని బలహీన భాగాలను కరిగించి, గట్టి ముక్కలను మిగిల్చుకుంటే నానోస్ఫటికాలు వస్తాయి. ఇవి 5 నుంచి 20 నానోమీటర్ల మందం, 100 నుంచి 250 నానోమీటర్ల పొడవు ఉండే పొట్టి కడ్డీలు. యంత్రంతో చీల్చి పొడవును నిలుపుకుంటే నానోపోగులు వస్తాయి. ఇంకాస్త ముతకగా చీలిస్తే మైక్రోఫిబ్రిలేటెడ్ సెల్యులోజ్ అంటారు. కాగితపు పరిశ్రమలో ఎక్కువగా తిరిగేది ఈ మూడోదే. ‘ఉక్కు కంటే బలం’ అని మీరు ఉదహరించిన మాట ఒక్కో స్ఫటికానికి, అదీ బరువుకు బరువు తూచినప్పుడు వర్తిస్తుంది. స్ఫటికం బిగువు, అంటే లాగితే సాగకుండా నిలిచే గుణం, 110 నుంచి 150 గిగాపాస్కల్స్, సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 1.6 లోపు. ఉక్కు బిగువు 200 గిగాపాస్కల్స్, సాంద్రత 7.8. మీరు తయారుచేసే పొరకు గానీ అట్టకు గానీ ఆ అంకె రాదు. కొనేవారికి ఆ మాట చెప్పకండి.

ఇప్పుడు ఆమ్లం సంగతి. మీరు అనుకుంటున్న సల్ఫ్యూరిక్ ఆమ్లం పద్ధతి చాలా పాతది. 1940ల చివర్లో స్వీడన్‌లోని ఉప్సాలాలో బెంగ్ట్ రాన్‌బి ఈ దారిలోనే సెల్యులోజ్ కణాలను నీళ్లలో నిలిపి చూపించారు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో 64 శాతం ఆమ్లం, 45 డిగ్రీల వేడి, ముప్పావు గంట అన్నదే వాడుక. గాజు పాత్రలో అది చక్కగా పనిచేస్తుంది. కిలో గుజ్జు స్థాయికి తెచ్చి చూడండి. కిలో గుజ్జుకు 64 శాతం ఆమ్లం సుమారు 10 లీటర్లు పోస్తారు. అందులో అసలు సల్ఫ్యూరిక్ ఆమ్లం దాదాపు 10 కిలోలు ఉంటుంది. చర్యను ఆపడానికి పది రెట్లు చల్లటి నీళ్లు, అంటే 100 లీటర్లు కావాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్, డయాలిసిస్, మళ్లీ నీళ్లు. ఆ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో చంపాలంటే 8 కిలోల సోడా పోయాలి. చివరకు 14 కిలోల సోడియం సల్ఫేట్ తేలుతుంది. సున్నం వాడితే 17 కిలోలకు పైగా జిప్సం వస్తుంది. కిలో గుజ్జుకు చేతికొచ్చే స్ఫటికాలు 300 నుంచి 500 గ్రాములు. అంటే కిలో సరుకు వెనుక 30, 40 కిలోల ఉప్పు ఉంటుంది. దాన్ని ఎక్కడ పోస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఎవరైనా ఆ సరుకును పచ్చటి పదార్థమని పిలిస్తే నేను ఒప్పుకోను.

పెద్ద ప్లాంట్ల సంగతి వేరు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, విండ్సర్ పట్టణంలో సెల్యుఫోర్స్ సంస్థ 2012లో రోజుకు 1 టన్ను సామర్థ్యంతో నానోస్ఫటికాల ప్లాంటు మొదలుపెట్టింది. ఆ స్థాయిలో ఆమ్లాన్ని వేరుచేసి, గాఢత పెంచి, తిరిగి వాడుకునే ఏర్పాటు పెట్టుకోవచ్చు. చిన్న యూనిట్‌కు ఆ ఖర్చు మోయడం సాధ్యం కాదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తీసిన స్ఫటికం ఒంటిమీద సల్ఫేట్ గుంపులు మిగులుతాయి. అవి నీళ్లలో కణాలను విడివిడిగా ఉంచుతాయి, మంచిదే. కానీ వేడికి తట్టుకునే గుణాన్ని తగ్గిస్తాయి. కరిగిన ప్లాస్టిక్‌లో కలుపుదామనుకుంటే నల్లబడుతుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం తప్ప మరో దారి లేదా అంటే ఉంది. అమెరికాలోని మాడిసన్‌లో ఉన్న ఫారెస్ట్ ప్రోడక్ట్స్ లేబొరేటరీ పరిశోధకులు 2016లో ఆక్సాలిక్, మాలెయిక్ వంటి సేంద్రియ ఆమ్లాలతో పని జరిపించారు. ఇవి గది వేడిమిలో గడ్డకట్టే ఆమ్లాలు కాబట్టి ద్రావణాన్ని చల్లబరిస్తే స్ఫటికాలుగా విడిపోతాయి, వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. మన దేశంలోనే, కొట్టాయంలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో సాబు థామస్ బృందం అనాస ఆకు నార, అరటి నారల మీద ఆవిరి పేలుడు పద్ధతితో పనిచేసింది. నారను ఒత్తిడి ఆవిరిలో ఉంచి ఒక్కసారిగా ఒత్తిడి వదిలితే కణగోడ లోపలి నుంచి పగులుతుంది. తర్వాత పలుచటి ఆక్సాలిక్ ఆమ్లం చాలు. అరటి బోదె మీ దగ్గర ఉంది కనుక ఆ బృందం పత్రాలు తప్పక చదవండి.

యంత్రపు దారికి వస్తే, దాని చరిత్రలోనే మీకు పాఠం ఉంది. 1970ల చివర్లో అమెరికాలోని న్యూజెర్సీలో, ఐటీటీ రేయోనియర్ ప్రయోగశాలలో టర్బాక్, శాండ్‌బర్గ్, స్నైడర్ పాల పరిశ్రమలో వాడే హోమోజినైజర్ (అధిక ఒత్తిడితో సన్నటి సందులోంచి తోసే యంత్రం) గుండా పలుచటి గుజ్జును పదేపదే తోశారు. చిక్కటి జిగురు వచ్చింది. అందరికీ నచ్చింది. కానీ ఆ తరహా పద్ధతుల్లో టన్ను పొడి సరుకుకు సుమారు 27,000 యూనిట్ల కరెంటు పట్టేది. దాంతో చాలా ఏళ్లు ఎవరూ దాన్ని వ్యాపారంగా నిలబెట్టలేకపోయారు. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందనుకుంటే, ఆ ఒక్క పనికే టన్నుకు దాదాపు 19 టన్నులు. టన్ను పాలిథీన్ తయారీలో వెలువడేది 2 టన్నుల ప్రాంతం. నేను మొదట చెప్పిన ‘పాలిథీన్ కంటే హాని’ ఇక్కడి నుంచే వస్తుంది.

ఈ చిక్కును విప్పింది ఎంజైములు. గుజ్జును యంత్రంలోకి పంపే ముందు ఎండోగ్లూకనేజ్ అనే ఎంజైమును కొద్ది మోతాదులో, 50 డిగ్రీల దగ్గర, కొన్ని గంటలు పట్టిస్తే అది పోగులోని వదులు భాగాలను అక్కడక్కడ కత్తిరిస్తుంది. దానికి ముందు, తర్వాత కాగితపు మిల్లు రిఫైనర్‌లో (నారను నలిపే యంత్రంలో) తిప్పితే, ఆ మెత్తబడిన గుజ్జు చాలా తక్కువ శ్రమతో చీలిపోతుంది. టన్నుకు 27,000 యూనిట్ల నుంచి 2,000 దగ్గరికి, ముతక రకమైతే ఇంకా కిందికి దిగుతుంది. స్టాక్‌హోమ్‌లోని ఇన్వెంటియా సంస్థ 2011లో పైలట్ ప్లాంటు నిర్మించగలిగింది ఈ బలంతోనే. ముంబైలో ఉన్న ఐసీఏఆర్ పత్తి పరిశోధన సంస్థ సిర్కాట్ కూడా ట్రైకోడెర్మా రీసై అనే శిలీంధ్రంతో పత్తి సెల్యులోజ్‌ను విడగొట్టే పద్ధతిపై పనిచేసింది, సొంత పైలట్ ప్లాంటు పెట్టుకుంది. మీరు వెళ్లి చూడదగ్గ మొదటి చోటు అదే. ఎంజైము దారిలో మిగిలే నీళ్లలో ఉండేది చాలావరకు చక్కెర. దాన్ని బయోగ్యాస్ గుంతకు పంపవచ్చు.

టెంపో అనే ఉత్ప్రేరకంతో పోగును ఆక్సీకరించే పద్ధతి గురించి కూడా అడిగారు. 2006లో టోక్యో విశ్వవిద్యాలయంలో సాయిటో, ఇసోగై చూపిన ఈ మార్గం రసాయన దృష్టితో చూస్తే అద్భుతం. పోగు పైపొర మీద కార్బాక్సిలేట్ గుంపులు పుట్టి, ఒకే ఆవేశం ఉన్న పోగులు ఒకదాన్నొకటి నెట్టేస్తాయి. కొద్దిగా కదిపితే చాలు, 3, 4 నానోమీటర్ల పోగులు విడివిడిగా తేలి గాజులా పారదర్శకమైన జిగురు వస్తుంది. వారికి 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి కూడా దక్కింది. జపాన్‌లోని ఇషినొమాకిలో నిప్పన్ పేపర్ సంస్థ 2017లో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు నడిపించింది. అయితే కరెంటు తగ్గిన చోట సోడియం హైపోక్లోరైట్, బ్రోమైడ్ లవణాలు, ఖరీదైన ఉత్ప్రేరకం వచ్చి చేరతాయి. వైద్య పదార్థాలకో, పారదర్శక పొరలకో ఇది తగును. అట్టపెట్టెల్లో కలిపే సరుకుకు ఇది అనవసరం. పోగుకు రసాయనికంగా కార్బాక్సీమిథైల్ గుంపులను అతికించే కార్బాక్సీమిథైలేషన్ దారైతే పర్యావరణానికి ఇంకా బరువు. ముడిసరుకు నుంచి చివరి వరకు పర్యావరణ భారాన్ని లెక్కించే జీవితచక్ర అంచనాల్లో, పెట్రోలియం ద్రావకాల వల్ల దాని భారం ఎంజైము దారికంటే చాలా ఎక్కువని తేలింది.

అయితే ఇంత మాట్లాడినదంతా గుజ్జు చేతికొచ్చాక జరిగేది. గుజ్జు తీయడంలోనే సగం పర్యావరణం నిలుస్తుంది లేదా పోతుంది. పత్తికట్టెలో సెల్యులోజ్ సుమారు 40 శాతం. బెరడులో మంచి నార ఉంటుంది, లోపలి బెండు పనికిరాదు, వేరుచేయాలి. పొలంలో కట్టె నిలిచి ఉంటే గులాబీరంగు పురుగు తరువాతి పంటకు చేరుతుందని వ్యవసాయ శాఖ ఏటా హెచ్చరిస్తుంది. రైతులు తగలబెట్టడానికి కారణం అది కూడా. కాబట్టి కట్టె తీసుకోవడం వల్ల రైతుకు నష్టం లేదు. వరిగడ్డి అలా కాదు. దాన్ని పశువులు తింటాయి, పైగా సిలికా చాలా ఎక్కువ. క్షారంలో ఉడికిస్తే ఆ సిలికా ద్రవంలోకి దిగి, ఆ ద్రవాన్ని కాచి రసాయనం తిరిగి రాబట్టే బాయిలర్లలో పెచ్చుగా పేరుకుంటుంది. గడ్డి మీద ఆధారపడిన కాగితపు మిల్లులకు ఇది పాత తలనొప్పి. మీరు గడ్డి జోలికి పోకండి.

అరటి బోదెలో ఎక్కువ భాగం నీరే. నార తక్కువ, కానీ లిగ్నిన్ తక్కువ కాబట్టి తేలికగా విడుతుంది. బోదెను పిండినప్పుడు కారే రసంలో పొటాషియం దండిగా ఉంటుంది. గుజరాత్‌లోని నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ రసంతో ద్రవ ఎరువు తయారుచేసి రైతులకు అందించింది. రసాన్ని తిరిగి తోటకే పంపండి. లేకపోతే నార పేరుతో నేల సారాన్ని బయటికి అమ్మినట్టే.

గుజ్జు తీయడానికి కట్టెను ఉడికించే కాస్టిక్ సోడా విషయంలో నా మాట గట్టిగా వినండి. ఉడికించిన నల్లటి ద్రవాన్ని చేలో వదిలితే సోడియం పేరుకుని నేల చౌడు బారుతుంది. ఒకసారి చౌడైన నేలను బాగుచేయడం ఎంత కష్టమో మీ ఊళ్లో పెద్దలకు తెలుసు. చిన్న యూనిట్‌కు బాయిలర్ రికవరీ సాధ్యం కాదు కనుక, సోడా బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడి, మిగిలిన ద్రవాన్ని తటస్థం చేసి ఎరువుగా మార్చే దారి చూడండి. ఖరీదు ఎక్కువే. కానీ ఆ ఖరీదులో కొంత పొటాష్ రూపంలో తిరిగి వస్తుంది. ద్రవంలోని లవణ శాతం పరీక్షించకుండా మాత్రం ఒక్క బిందెడు కూడా చేలో పోయవద్దు.

తెల్లదనం మీద మోజు కూడా వదులుకోవాలి. పత్రాల్లో అందరూ సోడియం క్లోరైట్‌తో గుజ్జును పాలలా తెల్లగా మారుస్తారు, ఎందుకంటే ఫొటో బాగుంటుంది, అణు నిర్మాణం కొలవడం తేలిక. అట్టపెట్టె గోధుమరంగులోనే ఉంటుంది కదా, దానికి తెల్లటి పోగు ఎందుకు? లిగ్నిన్ కొంత మిగిల్చిన గోధుమరంగు నానోపోగులకు రసాయనాలు తక్కువ పడతాయి, దిగుబడి ఎక్కువ వస్తుంది, తడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి. తెల్లగా తప్పనిసరి అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సరిపెట్టండి.

ఇక చాలామంది ఆలోచించని విషయం ఆరబెట్టడం. చీల్చిన పోగు నీళ్లలో 2 శాతం ఉంటేనే చిక్కటి గంజిలా నిలబడిపోతుంది. అంటే కిలో సరుకు 49 కిలోల నీళ్లను మోస్తుంది. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సుమారు 31 యూనిట్ల శక్తి కావాలి. టన్నుకు 31,000 యూనిట్లు. ఎంజైముతో మిగుల్చుకున్నదంతా ఇక్కడ ఆవిరైపోతుంది. పైగా మామూలుగా ఎండబెడితే పోగులు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో శాశ్వతంగా అతుక్కుంటాయి, మళ్లీ నీళ్లలో వేసినా విడవవు. ఘనీభవన పద్ధతిలో ఆరబెడితే కొంత నయం, కానీ ఖర్చు భరించలేరు. పోనీ తడిగానే దూరం పంపుదామంటే, 10 టన్నుల ట్యాంకర్‌లో అసలు సరుకు 200 కిలోలే. అందుకే నా సలహా: తడిగానే అమ్మండి, దగ్గరే అమ్మండి. వడపోత ప్రెస్‌తో 10 శాతానికి తెస్తే లారీ ఖర్చు ఐదో వంతుకు దిగుతుంది.

దగ్గరలో కొనేదెవరు అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. జపాన్‌లో పెద్దల డైపర్లలో, జెల్ పెన్నుల సిరాలో నానోసెల్యులోజ్ వాడారు. 2019 టోక్యో మోటార్ షోలో క్యోటో విశ్వవిద్యాలయం నేతృత్వంలో, నానోపోగులు కలిపిన భాగాలతో తయారైన కారును ప్రదర్శించారు. ఫిన్లాండ్‌లో కణాలను పెంచే జిగురుగా అమ్ముతున్నారు. వినడానికి ఇవన్నీ ఉత్సాహంగా ఉంటాయి. మీ మొదటి కొనుగోలుదారు మాత్రం పాత కాగితం నుంచి క్రాఫ్ట్ అట్ట (పెట్టెలకు వాడే గోధుమరంగు అట్ట) తయారుచేసే మిల్లు అయి ఉండాలి. పాత కాగితం గుజ్జు కావడం, ఎండడం జరిగిన ప్రతిసారీ నార బలం కోల్పోతుంది. అందులో 2 నుంచి 5 శాతం నానోపోగులు కలిపితే నారల మధ్య బంధాలు పెరిగి అట్ట గట్టిపడుతుంది. అదే బలానికి తక్కువ బరువు అట్ట చాలు. మిల్లువారు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: వైరు (గుజ్జులోని నీటిని వడకట్టే జాలీ) మీద నీరు కారడం నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తుంది. మిషన్ వేగం తగ్గితే వారికి నష్టం. కాబట్టి ముతకగా చీల్చిన రకం, తక్కువ మోతాదు, దానితోపాటు కాటయానిక్ స్టార్చ్ (ధనావేశం ఉన్న పిండిపదార్థం) కలిపి చూడాలి. రెండు రాష్ట్రాల్లో రాజమహేంద్రవరం, సారపాక, కాగజ్‌నగర్‌లలో పెద్ద మిల్లులున్నాయి. కానీ ప్రయోగానికి ఒప్పుకునేది చిన్న మిల్లులే.

రెండో అవకాశం నూనె పీల్చని కాగితం. మిఠాయి, బజ్జీల పొట్లాల కాగితానికి నూనె అంటకుండా కొన్నిచోట్ల ఫ్లోరిన్ రసాయనాలు పూస్తారు. అవి ప్రకృతిలో అంత తేలికగా విడిపోవు. నానోపోగుల పలుచటి పూత నూనెనూ, ఆక్సిజన్‌నూ బాగా ఆపుతుంది. 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై దేశమంతటా నిషేధం ఉంది కాబట్టి అడిగేవారున్నారు. అయితే ఈ పూత తేమకు లొంగుతుంది. గాలిలో తేమ 70, 80 శాతం దాటితే పోగుల మధ్య నీళ్లు చేరి, ఉబ్బి, ఆక్సిజన్‌ను ఆపే గుణం పడిపోతుంది. వానాకాలంలో మచిలీపట్నంలోనో కాకినాడలోనో అది రోజువారీ వాతావరణమే. పొడి ఆహారానికి, తక్కువ రోజులు నిల్వ ఉండే వాటికి వాడండి. తేమను ఆపడానికి పైన పాలిథీన్ పొర వేశారంటే ఇక అది మట్టిలో కలిసే కాగితం అని చెప్పుకోవడానికి వీల్లేదు. ప్లాస్టిక్‌లో నానోపోగులు కలిపిన వస్తువులూ అంతే. వాటి మేలు బరువు తగ్గడంలో ఉంది, మట్టిలో కలవడంలో లేదు. ఆహారానికి నేరుగా తగిలే వాడకమైతే అమ్మకానికి ముందే ఆహార భద్రతా నిబంధనలు చూసుకోవాలి.

సరుకు నిజంగా నానో స్థాయికి చీలిందో లేదో తెలుసుకోవడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కొనక్కరలేదు. 0.1 శాతానికి పలుచన చేసి గాజు సిలిండర్‌లో రాత్రంతా వదిలేయండి. పైన తేటనీరు తేలి, కింద నార పేరుకుంటే అది ఇంకా నారే. అంతటా సమానంగా మసకగా నిలిచి ఉంటే చాలావరకు చీలినట్టు. దానికి తోడు స్నిగ్ధత కొలత, నీరు పట్టి ఉంచే శక్తి పరీక్ష చాలు. ప్రతి బ్యాచ్‌కూ ఈ మూడూ రాసిపెట్టుకుంటే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. మైక్రోస్కోపు ఫొటో ఏడాదికోసారి విశ్వవిద్యాలయంలో తీయించుకోండి. తడి జిగురుతో పనివారికి పెద్ద ప్రమాదం లేదు. పొడి చేస్తే మాత్రం ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో వాపు కనిపించింది. పత్తి మిల్లుల ధూళి కార్మికుల ఊపిరిని ఏం చేసిందో మనకు తెలుసు. తడిగా అమ్మమనడానికి ఇది ఇంకో కారణం.

హోమోజినైజర్‌కు అప్పు తీసుకోకముందే ఒక పని చేయండి. యాభై కిలోల పత్తికట్టె బెరడును, రాయి గ్రైండర్ లేదా రిఫైనర్ ఉన్న ఏదైనా కాగితపు పరిశోధనశాలలో ఉడికించి, ఎంజైము పట్టించి, చీల్పించండి. కరెంటు మీటరు ముందు, తర్వాత చూడండి. వాడిన నీళ్లు, బయటికి పోయిన నీళ్ల సీఓడీ (నీటి కాలుష్యాన్ని తెలిపే కొలత) రాసుకోండి. వచ్చిన జిగురును దగ్గరి క్రాఫ్ట్ మిల్లు గుజ్జులో 1, 2, 4 శాతం కలిపి చేతి కాగితాలు చేసి, పగిలే బలం, నీరు కారే వేగం కొలిపించండి. ఆ అంకెలు, ఆ మిల్లు వాడే పాత కాగితం ఏ రకమో ఇక్కడ రాస్తే, ఎంత ముతకగా చీల్చాలో, ఎంజైము మోతాదు ఎంతలో ఆపాలో చూసి చెబుతాను.